సున్నా అంటే అవును

నా ఎదుట ఎవరైనా 'బూడిద లోయ' నాలుగో భాగాన్ని పొగిడితే నాకు ఒళ్ళు మండుతుంది. మూడో భాగాన్ని పొగిడితే ఇంకాస్త మండుతుంది. రెండో భాగం మాటెత్తితే అక్కడినుంచి లేచి వెళ్ళిపోతాను. టీవీలో ఆడుకునే కత్తియుద్ధం ఆట గురించి నలభై నాలుగేళ్ళ మనిషికి ఇంత కోపమేమిటని మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఆ కోపం వెనక చాక్ వియోతో అనే మనిషి ఉన్నాడు. మాది ఇండోనేషియాలో సురబయ, అక్కడ అన్నని చాక్ అంటాం. ఆయన నాకు సొంత అన్నేమీ కాదు. మా గల్లీలో ప్లేస్టేషన్లు గంటల లెక్కన అద్దెకిచ్చే దుకాణం నడిపేవాడు. ఇరవై రెండేళ్ళ కిందట గల్లీ అంతా వింటూండగా నేను ఆయన్ని దొంగ అన్నాను.

దుకాణమంటే పెద్దదేం కాదు, వాళ్ళమ్మ ఇంటి ముందుగది. ఐదు టీవీలు, నేల మీద చాపలు, గోడకి ఒక ఫ్యాను. వియోతో సన్నగా, పొడుగ్గా, పళ్ళ మధ్య ఎప్పుడూ ఒక పుల్ల పెట్టుకుని, అరిగిపోయిన రిమోట్లకి సైకిల్ ట్యూబు ముక్కలు అతికిస్తూ గుమ్మం పక్కన కూర్చునేవాడు. గొంతు పెంచేవాడు కాదు. ఓడిపోయిన ఉక్రోషంలో ఎవడైనా రిమోటు గోడకేసి కొడితే, "మెల్లిగా తమ్ముడూ, గోడ మా అమ్మది," అని వాడి టైములో పది నిమిషాలు కోసేసేవాడు. వాడు లబోదిబోమన్నా మళ్ళీ కలిపేవాడు కాదు.

ఆయనకి పేరు తెచ్చింది మాత్రం బిస్కెట్ డబ్బా. ఆట ఎందాకా వచ్చిందో దాచుకునే కార్డు ఒకటుండేది, అగ్గిపెట్టె అంత. ఎవరి కార్డు వాళ్ళే కొనుక్కునేవాళ్ళం. ఇంటికి తీసుకెళ్తే తమ్ముళ్ళు చెరిపేస్తారు, లేకపోతే ప్యాంటు జేబులో ఉండిపోయి ఉతుకులో పాడైపోతుంది. అందుకని అందరం వియోతో దగ్గరే పెట్టేవాళ్ళం. ప్రతి కార్డు మీదా ఒక ప్లాస్టరు ముక్క, దాని మీద పెన్నుతో పేరు. అరవై ఒక్క కార్డులు ఆ డబ్బాలో ఉండేవి. "ఇందులో ఉన్నది ఆట కాదు, మీ టైము," అనేవాడు. ఒకరిది ఇంకొకరికి ఇవ్వడు, అన్నదమ్ములు వచ్చి అడిగినా ఇవ్వడు. పక్కింటివాడికి సైకిల్ తాళం ఇవ్వడానికి వెనకాడే మనుషులు కూడా ఆయన చేతిలో కార్డు పెట్టి నిశ్చింతగా ఇంటికెళ్ళేవాళ్ళు.

నా పేరు లిలిక్. అప్పుడు నాకు ఇరవై రెండు. లవంగాల సిగరెట్ల ఫ్యాక్టరీలో చేత్తో చుట్టే పని, ఇప్పటికీ అదే. రోజుకి మూడు వేలు చుడతాను. ఒక్కటి వదులవదు, ఒక్కటి వంకర పోదు. "లిలిక్ బుట్ట చూడక్కర్లేదు, పంపించెయ్," అనేది మా సూపర్‌వైజరు. నా వేళ్ళంటే నాకు అంత పొగరు. మూడింటికి పని దిగి, స్నానం చేసి, తడి జుట్టుతోనే వియోతో దుకాణానికి వెళ్ళేదాన్ని. అక్కడ ఆడపిల్లని నేనొక్కదాన్నే. మొదటిరోజు మగపిల్లలు గుసగుసలాడుతూంటే వియోతో మధ్య టీవీ నాకిచ్చి, "ఆడేవాళ్ళు ఆడండి, చూసేవాళ్ళు బయట నిలబడి చూడండి," అన్నాడు. నెల తిరిగేసరికి ఆ పిల్లలే "నింగ్ లిలిక్, ఈ లోయ ఒక్కటీ దాటించి పెట్టవా," అని బతిమాలడం మొదలెట్టారు. నింగ్ అంటే అక్క. వియోతో కూడా మర్యాదకి నన్నలాగే పిలిచేవాడు.

'బూడిద లోయ' మొదటి భాగం లాంటి ఆట మళ్ళీ రాలేదు. రాదు కూడా. మాకు దొరికింది జపాను డిస్కుకి నకలు. ఒక్క అక్షరం ఎవరికీ రాదు. దాని అసలు పేరేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. ఆటంతా బూడిద కురుస్తూంటుంది కాబట్టి మేమే ఆ పేరు పెట్టుకున్నాం. పైనుంచి మూడో వరస మందు, ఐదో వరస కత్తి అని లెక్కపెట్టుకుని ఆడేవాళ్ళం. టీవీ పైన వియోతో ఒక అట్ట వేలాడదీశాడు: 'సున్నా అంటే అవును. ఇంటూ అంటే కాదు.' రిమోటు మీది ఆ రెండు గుర్తులే మా చదువంతా.

ఆటలో పిలక పెట్టుకున్న మనిషొకడు ఒక చేత్తో కత్తి, ఒక చేత్తో దీపం పట్టుకుని లోయల్లోకి దిగుతాడు. దీపంలో నూనె అయిపోతే తెర నల్లబడిపోతుంది, ఇక చప్పుళ్ళు విని కత్తి తిప్పాలి. సంపాదించిందంతా బావి కనబడేదాకా మోసుకెళ్ళాలి. బావి దగ్గర ఆట అడుగుతుంది, కార్డులోకి ఎక్కించుకుంటావా అని. బావికి పదడుగుల ఇవతల చచ్చామంటే అంతా పోయినట్టే. ఒక కార్డుకి ఒక్క ఆటే పడుతుంది. కొత్తది ఎక్కిస్తే పాతది పోతుంది. ఏడు లోయలు, ఏడోదాంట్లో పొగముసలి అనే రాకాసి ముసలిది. దాన్ని చూసినవాళ్ళు మా చుట్టుపక్కల ఎవరూ లేరు. నేను ఎనిమిది నెలలు ఆడి దాని గుమ్మం ముందు బావిదాకా వెళ్ళాను. పాపం వియోతో నాలుగో లోయలోనే ఉండిపోయాడు. ఒకడికి చిల్లర, ఒకడికి రిమోటు ఇస్తూ మధ్యలో దొరికిన ఐదేసి నిమిషాల్లో ఆడితే అంతకన్నా ముందుకి ఎవరు పోతారు? అది ఆలోచించే బుద్ధి నాకప్పుడు లేదు. "దుకాణం నీది చాక్, ఆట నాది," అని అందరి ముందూ ఉడికించేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

శనివారం సాయంత్రం పొగముసలితో పోరు అని గల్లీ అంతా చెప్పుకున్నారు. సరిగ్గా ఆ వారమే రెండో భాగం వచ్చింది.

అది అమెరికా డిస్కు. వాళ్ళు గుర్తులు తిరగేశారు. అందులో ఇంటూ అంటే అవును, సున్నా అంటే కాదు. వియోతో రెండో టీవీకి ఇంకో అట్ట కట్టాడు. చూడటానికి ఆట బాగానే మెరుస్తుంది. మంచు పడుతుంది, కుక్క వెంట వస్తుంది, ఎటు పోవాలో మూల ఒక పటం చెబుతుంది. దీపంలో నూనె మాత్రం ఎప్పటికీ అయిపోదు. ఆరని దీపం చేతికిచ్చి చీకటికి భయపడమంటే ఎవరు భయపడతారు? అయినా కొత్త మోజు కదా, శుక్రవారం అది ఎక్కించుకుంటావా అని అడిగినప్పుడల్లా కాదంటూ మూడు గంటలు దాన్నే ఆడాను. వెళ్ళబోయేముందు నాతో ఫ్యాక్టరీలో పనిచేసే పర్తీని అనే అమ్మాయి వచ్చింది. రేపటి పోరుకి ముందు అసలీ ఆట ఎలా మొదలవుతుందో చూపించమంది. నా కార్డుతోనే మొదటి భాగం కొత్తగా మొదలెట్టి, కుక్క సంగతీ మంచు సంగతీ చెబుతూ మొదటి బావిదాకా చూపించి, ఆపేసి, కార్డు వియోతో చేతికిచ్చి ఇంటికెళ్ళాను.

శనివారం ముప్పైమంది వచ్చారు. వియోతో చుట్టాలింటినుంచి పెద్ద టీవీ మోసుకొచ్చాడు. వాళ్ళమ్మ అరటిపళ్ళు పిండిలో ముంచి వేయించి పళ్ళెం నిండా పెట్టింది. కార్డు పెట్టాను. తెర మీద పిలక మనిషి మొదటి బావి దగ్గర, చేతిలో చెక్క కర్రతో నిలబడ్డాడు. ఎనిమిది నెలల కిందటి కర్ర. తీసి మళ్ళీ పెట్టాను. అదే కర్ర. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"చాక్, నా కార్డు ఎవరికిచ్చావ్?"

"ఎవరికీ ఇవ్వలేదు నింగ్."

"మరి ఎనిమిది నెలలకి కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిపోయాయా?"

"డబ్బా మూత కూడా తియ్యలేదు నేను. నిన్న పర్తీనికి చూపిస్తూ బావి దగ్గర నువ్వే నొక్కి ఉంటావ్. అంతసేపూ రెండోది ఆడావు కదా, వేలు తడబడుతుంది. మొన్న నాకూ అయింది."

"నా వేలా? రోజుకి మూడు వేలు చుట్టే వేలు తడబడుతుందా? నాలుగో లోయ దాటలేనివాడివి, నువ్వా నా వేళ్ళకి వంకలు పెట్టేది? నేను గెలుస్తుంటే చూళ్ళేక చెరిపేశావ్."

"లిలిక్, మాట జాగ్రత్త."

"జాగ్రత్తేంటి? నలుగురి సొత్తు డబ్బాలో పెట్టుకుని కూర్చున్న దొంగవి నువ్వు."

అంతటితో ఆగితే నేను లిలిక్‌ని ఎందుకవుతాను. గల్లీ మొగలోకి వెళ్ళి నిలబడి అదే మాట మళ్ళీ మళ్ళీ అరిచాను. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే," అని మా అమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. విదిలించుకున్నాను. కోపమొస్తే నా గొంతు కాలవ అవతలికి వినబడుతుంది. వియోతో పెద్ద టీవీ భుజానికెత్తుకుని చుట్టాలకి తిరిగిచ్చి వచ్చాడు.

ఆదివారం పొద్దున్నే హర్తోయో అనేవాడు వచ్చి, "ఊరికే చాక్, ఇంట్లో అవసరముంది," అని తన కార్డు తీసుకుపోయాడు. సోమవారం తొమ్మిదిమంది అదే మాట చెప్పారు. వారం తిరిగేసరికి డబ్బా అడుగు కనబడింది. కార్డు ఎక్కడుంటే మనిషి అక్కడికే ఆడటానికి పోతాడు. అందరూ పెద్దవీధిలో ఇంకో దుకాణం చూసుకున్నారు. ఉపవాసాల నెల రాకముందే వియోతో తలుపులు మూసేశాడు. ఇల్లు అమ్మి, తల్లిని తీసుకుని కాలవ అవతలికి వెళ్ళిపోయి, ఫ్యాన్లూ రైస్ కుక్కర్లూ బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. అక్కడినుంచి బజారుకి మా గల్లీలోంచి ఐదు నిమిషాలు. ఆయన మాత్రం మా గల్లీ తొక్కకుండా రైలు గేటు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. అది చూసి, "తప్పు చేసినవాడికి మొహం చెల్లదు మరి," అని నేనే పదిమందికీ చెప్పాను.

మొదటిది మళ్ళీ మొదలుపెట్టి ఆడొచ్చు కదా అని పర్తీని అంటూండేది. ఆడను అన్నాను. ఆ చెక్క కర్రని మళ్ళీ చూసే ఓపిక నాకు లేదు. కసికొద్దీ మిగతా భాగాలన్నీ ఆడాను. మూడోదాంట్లో బావులే తీసేశారు. అదే అడక్కుండా దాచేసుకుంటుంది. చచ్చినా రెండడుగుల వెనక లేచి నిలబడతావు. పోయేదే లేనప్పుడు దాచుకునేదేముంది? నాలుగోదాంట్లో కత్తిని డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. పొగముసలి కూడా అందులో కనబడింది, పూల టోపీ పెట్టుకుని, పండగ ఆఫరు ఇంకా రెండు రోజులే అని చెబుతోంది. దాన్ని చూసిన రోజు నేను అన్నం తినలేదు. ఒక్కో భాగం ఇలా తగలడినప్పుడల్లా వియోతోని తిట్టుకునేదాన్ని. అసలైన పొగముసలిని నాకు దక్కకుండా చేసింది వాడే కదా అని.

ఈ ఏడు పర్తీని ఇల్లు మారుతూ పాత సామాన్లలో ఒక ప్లేస్టేషను, కార్డు, మొదటి భాగం డిస్కు బయటికి తీసింది. "తీసుకుపోతావా, పారెయ్యనా?" అంది. పారెయ్యమందామనే అనుకున్నాను. నోరు మాత్రం తీసుకుపోతానంది.

ఆదివారం మధ్యాహ్నం పెట్టాను. ఆట ముసలిదైపోయింది. మొహాలు మోటుగా, నడక కుంటుతున్నట్టుగా ఉన్నాయి. కానీ దీపంలో నూనె తగ్గుతూంటే నా అరచేతులు చెమటపట్టాయి. తరవాతి మూడు భాగాలూ కలిపి ఆడినా అంత చెమట పట్టలేదు. మొదటి బావి వచ్చింది. ఎక్కించుకుంటావా అని ఆట అడిగింది. దీపం నింపుకున్నాక చూద్దాం, ఇప్పుడొద్దు అనుకున్నాను. నెలరోజులుగా నాలుగో భాగం ఆడుతున్నాను కదా, అందులోనూ సున్నా అంటే కాదే, వద్దు అనుకోగానే నా బొటనవేలు సున్నా మీదికి వెళ్ళి నొక్కింది. తెర ఒక్కసారి తెల్లగా మెరిసింది. ఆట కార్డులోకి ఎక్కిపోయింది.

ఆ మెరుపు నేను చూసిందే. శుక్రవారం సాయంత్రం, పర్తీనికి కుక్క సంగతి చెబుతూ, తెర వైపు సగం మొహం తిప్పి చూశాను. నమ్మబుద్ధి కాక అంతా ఆపేసి, మళ్ళీ మొదటినుంచి ఆడుతూ బావిదాకా వచ్చాను. ఈసారి జాగ్రత్తగా ఉండాలని పైకి అనుకున్నాను కూడా. మూడు వేలు చుట్టే వేలు మళ్ళీ సున్నానే నొక్కింది.

నిజం చెబుతున్నాను, నాకు ముందు వచ్చింది సిగ్గు కాదు. గుర్తులు తిరగేసినవాళ్ళ మీద కోపమొచ్చింది. కబుర్లాడించిన పర్తీని మీద వచ్చింది. ఆఖరికి వియోతో మీద కూడా వచ్చింది, అంత తెలిసినవాడు చెంప పగలగొట్టైనా నాకు ఎందుకు చెప్పలేదని. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నా కోసమే పుట్టినట్టుంది. అందరి మీదా కోపం అయిపోయాక, తిట్టడానికి మిగిలింది నేనొక్కదాన్నే.

సోమవారం పని దిగి కాలవ దాటాను. వియోతోకి జుట్టు నెరిసింది. పళ్ళ మధ్య పుల్ల అలాగే ఉంది. ఫ్యాను విప్పి ముందేసుకుని కూర్చున్నాడు.

"ఏం బాగుచెయ్యాలండీ?"

"చాక్, నేను లిలిక్‌ని."

"తెలుసండీ. ఫ్యానా, కుక్కరా?"

"కార్డు. అది చెరిపింది నేనే చాక్. నిన్న మొదటి భాగం ఆడితే తెలిసింది."

స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. చాలాసేపు తుడిచిందే తుడుస్తూ చేతులు తుడుచుకున్నాడు.

"ఒక్కసారి రిమోటు పట్టుకుంటే తెలిసేదానికి ఇరవై రెండేళ్ళు పట్టిందా?"

"పట్టుకోలేదు. కోపంతో."

"నీ కోపం నువ్వు బాగానే తిన్నావ్, అరిగించుకున్నావ్. మా అమ్మ పోయే ముందు నన్ను దగ్గరికి పిలిచి అడిగింది. 'ఒరే, ఇప్పుడైనా నిజం చెప్పు, ఆ పిల్ల కార్డు నువ్వు చెరిపావా' అని. కన్నతల్లి అడిగింది. నేను కాదన్నాను. నమ్మిందో లేదో తెలీకుండానే పోయింది."

తలెత్తి నా వైపు చూశాడు.

"ఏం చెయ్యమంటావ్ చాక్?"

"ఇక్కడ చెబితే ఫ్యాన్లు వింటాయి. ఎక్కడ అరిచావో అక్కడ చెప్పు. ఆ రోజు ఎంత గొంతుతో అన్నావో అంత గొంతుతో."

మా గల్లీలో నెలకో ఆదివారం పొద్దున్నే అందరం కలిసి మురుగుకాలవలు తీస్తాం. ఇంటికొకరు రాకపోతే మాట పడాలి. నేను కబురు పెడితే ఆ ఆదివారం వియోతో వచ్చి గల్లీ మొగలో నిలబడ్డాడు. మురుగు తీసే రోజున తెల్లటి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నేను పార గోడకి ఆనించి, ఆనాడు నిలబడ్డ చోటే నిలబడ్డాను.

"అందరూ వినండి. వియోతో దొంగ కాదు. ఆ రోజు నా కార్డు ఆయన చెరపలేదు, నా వేలే చెరిపింది. నేను అబద్ధం అరిచాను."

పారల చప్పుడు ఆగింది. కొత్తగా వచ్చిన అద్దెవాళ్ళలో ఒకాయన, "ఏ కార్డండీ, బ్యాంకుదా?" అని అడిగాడు. గల్లీ పెద్ద భార్య సులస్మి, "వియోతోయా? అవతల గిరాకీ బాగుంటుందని ఇల్లమ్ముకుని వెళ్ళాడు కదా," అంది. మనవణ్ణి చంకనెత్తుకున్న హర్తోయో బట్టతల గోక్కున్నాడు. "ఏదో ఆటల దుకాణం ఉండేది. నేనూ ఆడేవాణ్ణా? ఏమో మరి. పాతవి ఎందుకు తవ్వుతావ్ లిలిక్, మురుగు తవ్వు," అన్నాడు. నలుగురూ నవ్వారు. పారల చప్పుడు మళ్ళీ మొదలైంది.

"మీకు గుర్తే లేదా?"

వియోతో గొంతు పెరగడం నేను వినడం అదే మొదటిసారి.

"హర్తోయో, ఆదివారం పొద్దున అందరికన్నా ముందు నువ్వే వచ్చావ్. నా మొహం చూడకుండా కార్డు తీసుకుపోయావ్. నీ ప్లాస్టరు మీద పేరు ఎర్ర పెన్నుతో ఉండేది. మీ అందరి మొహాలూ చూడలేక నేను రైలు గేటు చుట్టూ తిరిగాను. ఎండలో తిరిగాను, వానలో తిరిగాను. మా అమ్మకి మందులు తేవాల్సిన రోజు కూడా చుట్టూ తిరిగే వెళ్ళాను. మీరేమో మర్చిపోయి హాయిగా కూర్చున్నారా? ఎప్పుడు మర్చిపోయారో చెబితే ఆ రోజునుంచైనా ఇటు నడిచేవాణ్ణి కదా."

హర్తోయో మనవణ్ణి ఇంకో చంకకి మార్చుకుని నేల చూశాడు. వియోతో నా వైపు తిరిగాడు.

"వాళ్ళకి చెప్పావ్. వాళ్ళకి గుర్తు కూడా లేదు. గుర్తున్నది నాకు. నాకేదీ?"

"చెప్పాను కదా చాక్, మొన్న కొట్టు దగ్గర..."

"మొన్న కార్డు సంగతి చెప్పావ్."

అప్పుడర్థమైంది. ఇన్ని మాటలు మాట్లాడే నోటినుంచి ఆ ఒక్క మాట ఇంతవరకూ రాలేదు. గల్లీకి వినబడేలా అరవడం నాకు తేలిక. ఎదురుగా ఉన్న మనిషి కళ్ళలోకి చూసి చెప్పడమే కష్టం.

"తప్పు నాదే చాక్. క్షమించు."

"వినబడలేదు."

మళ్ళీ చెప్పాను. ఈసారి ఏడుస్తూ చెప్పాను, నా మీద నాకే మండుకొస్తూంటే.

క్షమించానని ఆయన అనలేదు. నింగ్ అని పిలవలేదు. నోట్లో పుల్ల తీసి పారేసి, రెండు పక్కలా పోసిన బురద కుప్పల మధ్యనుంచి, తెల్ల చొక్కాకి మరకలు పడుతున్నా చూసుకోకుండా, మా గల్లీలోంచే బజారుకి నడిచి వెళ్ళాడు.